సీలు వేసిన సీసాలు

క్రైమ్ ల్యాబ్‌లో పనిచేశానని చెప్పగానే కుర్రకారు కుర్చీలు దగ్గరకు జరుపుకుంటారు. టీవీలో చూసినవన్నీ మనసులో మెదులుతాయి కాబోలు. నేను తుపాకీ గుళ్లూ నెత్తుటి మరకలూ చూసిన మనిషిని కాదు. ఉద్యోగంలో సగభాగం గంజాయి ఆరబెడుతూ గడిపాను. ఆ మాట అనేసరికి కుర్చీలు మళ్లీ వెనక్కి పోతాయి. మొన్న ప్లేనోలో మా తెలుగు చర్చ్ పిల్లలు, "ఆంటీ, మీ జాబ్‌లో బెస్ట్ కేస్ ఏది?" అని అడిగారు. ఎంత తడుముకున్నా బెస్ట్ కేసు ఒక్కటీ గుర్తుకు రాలేదు. గుర్తొచ్చింది మేమంతా కలిసి పాడుచేసుకున్న కేసు. భోజనాల దగ్గర అది చెప్పబుద్ధి కాక ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఇక్కడ, ఆ పిల్లల కోసమే, రాసి చెబుతాను. ఇందులో గెలిచినవాళ్లు ఎవరూ లేరు. చివర్లో ఏదో మంచి జరుగుతుందని ఎదురుచూడకండి.

డెబ్బైల చివరి రోజులు. టెక్సస్‌లో ఒక కౌంటీ, పేరు మనకు అనవసరం. ఇప్పుడు మీరు ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ ఇరుక్కుపోయే ఆ రోడ్లకు అటూ ఇటూ అప్పుడు పత్తి చేలు ఉండేవి. కోర్టు బిల్డింగ్ వెనకభాగంలో మా ల్యాబ్. కెమిస్ట్రీ చదివానని నన్ను తీసుకున్నారు గానీ, అక్కడ నాకు పేరు తెచ్చిపెట్టింది మా నాన్న. ఆయన చీరాల దగ్గర పొగాకు కంపెనీలో గ్రేడింగ్ మేస్త్రీ. ఆకును మండె వేస్తే, అంటే కుప్ప పోస్తే, లోపల వేడి పుడుతుందనీ, వేళకు తిరగేయకపోతే మొత్తం బూజు పడుతుందనీ నాకు అక్షరాలతోపాటే తెలుసు. ఇక్కడ చూస్తే పోలీసులు పచ్చి మొక్కలను నల్లటి చెత్త సంచుల్లో కుక్కి, మూతి బిగించి తెచ్చేవారు. కోర్టులో కేసు పిలిచేనాటికి సంచిలో మిగిలేది ఎరువు.

ఆ కంపు భరించలేక ఒక స్టోర్ రూమ్ ఖాళీ చేయించి, తీగలు కట్టించి, ఆరబెట్టడం మొదలుపెట్టాను. మొదట్లో మా ఊళ్లో పొగాకు కాల్చే బ్యారన్ల అలవాటుకొద్దీ హీటర్ పెట్టాను. ఆకు పైన పెళపెళలాడింది, కాడ మాత్రం లోపల పచ్చిగానే ఉండిపోయింది. ఇది పొగాకు కాదనీ, దీనికి చల్లటి చీకటి గది కావాలనీ, తొందరపెడితే మాట వినదనీ ఆ తర్వాత తెలిసింది. బతిమాలి ఒక ఏసీ, గాలిలో తేమ లాగే మెషిన్ ఒకటి సంపాదించాను. అప్పట్నుంచి ల్యాబ్‌లో అందరూ ఆ గదిని నా కిచెన్ అనేవారు.

మా ఆయనకు మాత్రం ఇది తలవంపులుగా ఉండేది.

"చర్చ్‌లో అడుగుతున్నారే, నువ్వేం జాబ్ చేస్తావని. గంజాయికి కాపలా అని చెప్పనా?" అన్నారు ఒకరోజు.

"గవర్నమెంట్ కెమిస్ట్ అని చెప్పండి."

"ఆ స్మెల్ చూసి ఎవరు నమ్ముతారు? నిన్ను పికప్ చేసుకున్న ప్రతిసారీ విండోస్ దించుకుని డ్రైవ్ చేస్తున్నా, తెలుసా?"

తెలుసు. చీరలకు పట్టిన ఆ వాసన ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు.

సాక్ష్యాలు దాచే గదికి ఒక సార్జెంట్ అధికారి. మోకాలు చెడిపోయి వీధుల్లో తిరగలేక ఈ గదికి వచ్చిపడ్డాడు. భారీ మనిషి, గొంతు మాత్రం సన్నం. ప్రతి పొట్లానికీ ఎర్ర టేపు చుట్టి, టేపు మీద సగం, పొట్లం మీద సగం పడేట్టు సంతకం చేసేవాడు. ఎవరైనా విప్పితే సంతకం విరుగుతుంది, ఇట్టే దొరికిపోతారు. ఆ టేపు చుట్టడంలో ఆయనకున్న శ్రద్ధ చూసి మేము ఆటపట్టించేవాళ్లం, మీ మధ్యాహ్నం శాండ్‌విచ్‌కి కూడా సీలు వేస్తారా అని. ఆయన నవ్వేవాడు కాదు. తన ఉద్యోగంలో ఒక్కసారి సీలు సరిగా లేక ఒక దుర్మార్గుడు కోర్టులోంచి దర్జాగా నడిచిపోయాడట. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆయన మొహం గంటుపెట్టుకునేవాడు.

ఆ వేసవిలో ఈ కేసు వచ్చింది. ముద్దాయి తెల్లజుట్టు పెద్దాయన. జీవితమంతా కోల్డ్ స్టోరేజీల్లో మెషిన్లు రిపేర్ చేసి రిటైరయ్యాడు. భార్యకు క్యాన్సర్. అప్పట్లో కీమో ఎక్కించుకుని వచ్చినవాళ్లకు వాంతులు ఆపడానికి చెప్పుకోదగ్గ మందు లేదు. మాత్ర ఇస్తే ముందు ఆ మాత్రే బయటికి వచ్చేది. గంజాయి పొగ రెండు దమ్ములు లాగితే ఆవిడ ఒక గుడ్డూ, ఒక టోస్టూ తినగలిగేది. ఇలాంటి రోగులకు డాక్టర్ల ద్వారా గంజాయి ఇవ్వొచ్చని మా రాష్ట్రంలో చట్టం కూడా పాసైంది. హాస్పిటల్ ఆవిడ పేరు రాసుకుంది. ఫెడరల్ ప్రభుత్వం సరుకు పంపాలి, పంపలేదు. చట్టం ఉంది, డాక్టర్ ఉన్నాడు, రోగి ఉంది, మందు ఒక్కటే లేదు. ఎదురుచూసి ఎదురుచూసి, పెద్దాయన పెరట్లో బెండ మొక్కల వెనకాల పెంచుకున్నాడు.

పెంచి ఊరుకోలేదు, ఆరబెట్టడానికి పాత ఫ్రిజ్ సామాన్లతో బెడ్‌రూమ్ గూట్లో ఒక చల్లటి అలమర కట్టాడు. ఆ అలమరను మా ల్యాబ్‌కి తెచ్చినరోజు నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. చలీ తేమా ఆయన అదుపులో పెట్టిన తీరు చూస్తే ముచ్చటేసింది. కొంత ఆకు తీగలకు వేలాడుతోంది, కొంత గాజు సీసాల్లో మాగుతోంది. ఇలాంటి మనిషి ఎలా పట్టుబడ్డాడంటే, భార్యకు ఒకరోజు స్పృహ తప్పితే అంబులెన్స్‌ను తానే పిలిచాడు. వచ్చినవాళ్లకు వాసన తగిలింది.

మొదటి వాయిదాకు ఆవిడ కూడా వచ్చింది. తలకు పూల స్కార్ఫ్, ఒళ్లో ఒక కాగితం సంచి. ఆ సంచి ఎందుకో కోర్టులో అందరికీ అర్థమైంది. సార్జెంట్ కుంటుకుంటూ వెళ్లి, ఆవిడకు మెత్త ఉన్న కుర్చీ ఎక్కడినుంచో తెచ్చి వేశాడు. జడ్జి ముసలాయన, ఆవిడ వైపు చూసి నేరుగా అడిగాడు.

"ఇప్పుడేం తినగలుగుతున్నారమ్మా?"

"ఐస్ ముక్కలు, యువర్ ఆనర్."

"అది మీ దగ్గర ఉన్నప్పుడు?"

"గుడ్డు. ఒక్కోసారి రెండు కూడా." తర్వాత ఆవిడ కాస్త సిగ్గుపడినట్టు, "నా వంట నేనే తినేదాన్ని" అంది.

జడ్జి ఇచ్చిన ఉత్తర్వులాంటిది నేను అంతకు ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. ఆవిడ పేరు ఆ చట్టం కింది ప్రోగ్రామ్‌లో ఉంది కనుక, ఈ సరుకును హాస్పిటల్ డాక్టర్‌కి అప్పగించవచ్చా అనేది సెప్టెంబర్ సెలవుల తర్వాత తేలుస్తానన్నాడు. అంతవరకూ అది చెడకుండా చూసే బాధ్యత ల్యాబ్‌ది అన్నాడు. ల్యాబ్ అంటే నేను. కోర్టు నుంచి బయటికొస్తుంటే సంతోషంతో నా కాళ్లు నేలమీద ఆనలేదు. ఆరబెట్టి, తూకం వేసి, చివరికి తగలబెట్టడమే తప్ప, ఒక మనిషి కోసం దాన్ని కాపాడమని నన్నెవరూ అడగలేదు.

అక్కడే చిక్కు వచ్చిపడింది. వేలాడే ఆకును కూడా ఆరినకొద్దీ సీసాల్లోకి దించాలి. సీసాలో మాగేటప్పుడు లోపలి తడి మెల్లగా బయటికొస్తుంది. రోజూ మూత తీసి గాలి పోనివ్వాలి, లేకపోతే బూజు. సాక్ష్యం మాత్రం సీలు వేసి ఉండాలి, లేకపోతే అది సాక్ష్యమే కాదు. ఊపిరి పీల్చాల్సిన వస్తువుకూ, నోరు మూసి ఉంచాల్సిన చట్టానికీ మధ్య మేమిద్దరం నిలబడ్డాం.

"రోజూ సీలు విప్పుతావా? నేను బతికుండగానే?" అన్నాడు సార్జెంట్.

"విప్పకపోతే ఆవిడకు ఎరువు ఇస్తాం."

జడ్జిని అడిగితే, ఇద్దరూ కలిసి విప్పండి, ఇద్దరూ కలిసి మూయండి అన్నాడు. అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం అదొక పూజ. సార్జెంట్ టేపు కోసేవాడు, నేను మూతలు తీసేదాన్ని, ఇద్దరం స్టూళ్లు వేసుకుని కూర్చునేవాళ్లం, మళ్లీ మూతలు, మళ్లీ టేపు, మళ్లీ సంతకాలు. మొదటివారం ఆయన ముక్కు మూసుకుని కూర్చున్నాడు. తర్వాత్తర్వాత ఒక్కో సీసా మొహం దగ్గర పెట్టుకుని, "డాక్, దీంట్లో ఇంకా పచ్చిగడ్డి వాసనుంది. దీనిది పోయింది" అని చెప్పడం మొదలుపెట్టాడు. నేను డాక్టర్‌ని కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆ పిలుపు మానలేదు. పెద్దాయన భార్య ఎలా ఉందో కోర్టు గుమాస్తాను అడిగి కనుక్కునేవాడు. ఎక్స్‌పర్ట్ అయ్యారే అని నేను ఏడిపిస్తే, "ఆవిడ రెండు గుడ్లు తినాలి" అనేవాడు, అంతే.

ఇంతలో ప్రభుత్వం నుంచి మరో ఉత్తర్వు దిగింది. దేశంలో ఇంధనం కరువు, పెట్రోల్ బంకుల దగ్గర కార్లు బారులు తీరిన రోజులవి. ఆఫీసుల్లో ఏసీని ఫారెన్‌హీట్‌లో డెబ్బై ఎనిమిది డిగ్రీల కంటే చల్లగా పెట్టకూడదన్నారు. బిల్డింగ్ మెయింటెనెన్స్ మనిషి మా గది ఏసీ మీట మీద కూడా, ఎవరూ తిప్పకుండా, ఒక తాళం డబ్బా బిగించాడు. నేను జడ్జి ఉత్తర్వు చూపిస్తే ఆయన తన ఉత్తర్వు చూపించాడు.

"మీ జడ్జి కౌంటీ. నాది వాషింగ్టన్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. పై ఆఫీసుకి రాసి అనుమతి తెప్పిస్తానన్నాడు, రాశాడు కూడా. ఆ అనుమతి చలికాలంలో వచ్చింది.

గది వేడెక్కింది. తేమ లాగే మెషిన్ తన వేడి తాను కక్కుతూ గదిని ఇంకా వేడి చేసింది. దాన్ని ఆపితే గోడలు చెమర్చేవి. పొడిగా అయిన ఆకు మళ్లీ వేళ్ల మధ్య మెత్తగా తగలడం మొదలైంది. పదును, అంటే ఆకులో తడి, పెరిగిపోతోందని తెలుస్తూనే ఉంది, చేసేదేమీ లేదు. రోజుకొకసారి తీసే మూతలు రెండుసార్లు తీశాం. ఆ రోజుల్లో నేను ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మా ఆయన ఆటపట్టించడం మానేసి, "జరుగుతుందిలే, ప్రే చేద్దాం" అన్నారు. చేశాం. ఆరిన ఆకు కోసం ప్రార్థన చేసిన విశ్వాసులం బహుశా మేమే అయ్యుంటాం.

సెప్టెంబర్ మొదట్లో మూడు రోజుల సెలవు వచ్చింది. ఆ మర్నాడే వాయిదా. సెలవుల్లో హ్యూస్టన్‌లో తెలుగు సభ, మా ఆయన అందులో పాట పాడాలి. శుక్రవారం మధ్యాహ్నం సీసాలు చూసి, మూతలు బిగించకుండా ఊరికే పైన ఆనించి గదికి తాళం వేద్దామనీ, సీలు తలుపుకే వేద్దామనీ సార్జెంట్‌తో అనుకున్నాం. ఆయన సరేనన్నాడు. "నువ్వు వెళ్లు డాక్, నేను చూసుకుంటా" అన్నాడు.

నేను వెళ్లాక ప్రాసిక్యూటర్ వచ్చాడట. కుర్రవాడు, చురుకైనవాడు. మూడు రోజులపాటు మూతలు తెరిచి ఉన్న సీసాలను కోర్టు ఎలా నమ్మాలని మంగళవారం అడగబోతున్నానని, ముందే చెప్పడం ధర్మం కనుక సార్జెంట్‌కి చెప్పి వెళ్లాడు. ధర్మం తప్పని మనుషులతో నిండిపోయింది ఈ కథ. సార్జెంట్ ఆ సాయంత్రం ఒంటరిగా కూర్చుని ఆలోచించాడు. సీలు లేక పోయిన ఆ పాత కేసు గుర్తొచ్చి ఉంటుంది. ఈసారి సీలు లేదనే సాకుతో ఆవిడకు మందు అందకుండా పోకూడదనుకున్నాడు. ఆవిడ రెండు గుడ్లు తినాలి. తనకు జీవితమంతా బాగా చేతనైన పని ఏదో అదే చేశాడు. ప్రతి సీసా మూతా చేయి తిరిగినంతవరకూ బిగించి, టేపు మీద టేపు చుట్టి, పైన లక్క కూడా పోసి, ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు. సెలవులు కదా, బిల్డింగ్‌లో ఏసీ పూర్తిగా ఆపేశారు. బయట తారు రోడ్డు కరిగే ఎండ.

మంగళవారం నేను కోర్టులోకి వెళ్లేసరికి సీసాలు జడ్జి ముందు బల్ల మీద వరసగా ఉన్నాయి. ఎర్ర టేపు మడత పడకుండా, లక్క నిగనిగలాడుతూ, అంత అందమైన సీళ్లు నేను ఎప్పుడూ చూడలేదు. సార్జెంట్ ఇస్త్రీ యూనిఫాంలో పక్కన నిలబడి నన్ను చూసి తలూపాడు. మెప్పు కోసం చూశాడని ఇప్పటికీ అనుకుంటాను. నేను సీసాల వైపు చూశాను. గాజు లోపలివైపు ఆవిరి పట్టి ఉంది.

జడ్జి విప్పమన్నాడు. మొదటి మూత రాగానే అమ్మోనియా ఘాటు, పాత పశువుల కొట్టంలా, ముందు వరస దాకా వచ్చింది. రెండోదీ అంతే. ఆకు మీద తెల్లటి నూగు. హాస్పిటల్ డాక్టర్ లేచి వచ్చి, ఒక సీసా వెలుతురుకి పెట్టి చూసి, కింద పెట్టేశాడు.

"ఆవిడ రక్తంలో తెల్లకణాలు లేవు, యువర్ ఆనర్. ఈ బూజు ఊపిరితిత్తుల్లోకి పోతే వారం కూడా పట్టదు. నేను తీసుకోలేను."

సీలు గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ప్రాసిక్యూటర్ తన కాగితాలు సర్దేసుకున్నాడు. జడ్జి కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఆయన అప్పగించమని చెప్పడానికే ఆ రోజు కూర్చున్నాడని మాకు తర్వాత తెలిసింది. కొత్తగా మొక్క పెంచి, ఆరబెట్టి, మాగబెట్టేంత కాలం ఆవిడకు లేదు, ఆ సంగతి ఆ హాల్లో అందరికంటే పెద్దాయనకే బాగా తెలుసు.

వరండాలో సార్జెంట్ పెద్దాయనకు ఎదురెళ్లి నిలబడ్డాడు.

"తెరిచి ఉంచితే అడుగుతారని మూశానండీ."

పెద్దాయన ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "చూశాను. గట్టిగా కట్టావు" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే సార్జెంట్ తట్టుకునేవాడేమో.

ఆ వారమే కేసు వెనక్కి తీసుకున్నారు. పెద్దాయనకు శిక్ష తప్పింది. ఏళ్ల తరబడి నేను ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో వెతుక్కున్నాను. చట్టం మంచిది. జడ్జి మంచివాడు. తాళం డబ్బా మనిషి తన పని చేశాడు, కుర్ర ప్రాసిక్యూటర్ తన పని చేశాడు, సార్జెంట్ అందరికంటే ఎక్కువ చేశాడు. ఒక్క చెడ్డవాడు దొరికి ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదు. మీరు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్నారు కాబట్టి, ఈ ఒక్కటీ చెబుతాను. అందరూ సరిగ్గా పనిచేసినా ఒక మనిషి ఆకలితో పోవడం నేను చూశాను. దానికి విరుగుడు ఏమిటని అడిగితే నాకు తెలియదు.

సీసాలు పెద్దాయన వాళ్లవి కనుక తిరిగి ఇచ్చేయాలి. సార్జెంట్ వాటిని తానే మరుగుతున్న నీళ్లతో కడిగి, తుడిచి, అట్టపెట్టెలో సర్దాడు. ఒంటరిగా వెళ్లలేనంటే నేనూ కారెక్కాను.

ఆవిడే తలుపు తీసింది. ఇంకా చిక్కిపోయింది. ముక్కుకు అడ్డంగా ఒక చేతిరుమాలు కట్టుకుని ఉంది. మేము వస్తున్నామని తెలిసి పొద్దున్నే లేచి, మజ్జిగ పోసి చేసే ‘బటర్‌మిల్క్ పై’ అనే తీపి వంటకం ఒకటి బేక్ చేసిందట, ఆ వాసన పడక రుమాలు కట్టుకుందట. ఇంటికొచ్చిన వాళ్లను ఏమీ పెట్టకుండా పంపడం తన వల్ల కాదంది. పెద్దాయన పళ్లేలు తెచ్చి పెట్టాడు. ఆవిడ బల్లకు దూరంగా, కిటికీ పక్కన కూర్చుంది.

మేము తినడం మొదలుపెట్టాం. సార్జెంట్ తల ఎత్తలేదు.

"ఎలా ఉంది?" అంది ఆవిడ.

"చాలా బావుందండీ" అన్నాను.

"అలా కాదు. నాకు తెలియాలి. ఎలా ఉందో చెప్పండి సార్జెంట్."

ఆయన ఫోర్కు కింద పెట్టాడు. ఆయనకు ఏ వస్తువునైనా ఒక్క తీరులోనే చెప్పడం వచ్చు, కోర్టులో పొట్లం విప్పి చెప్పే తీరు. ఆ సన్నటి గొంతుతో అలాగే మొదలుపెట్టాడు. పైన లేత గోధుమ రంగండీ. అంచు కరకరలాడుతోంది. లోపల పసుపుపచ్చ, మెత్తన. నాలుక మీద పెట్టగానే ముందు తీపి, వెనకనుంచి చిన్న పులుపు. నిమ్మతొక్క వేశారనుకుంటా. వెన్న వాసన...

ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది. గొంతు దగ్గర ఒకసారి గుటక కదిలింది. వెన్న అనగానే చెయ్యి పైకెత్తి చాలంది, రుమాలు గట్టిగా నొక్కుకుంది. పెద్దాయన లేచి ఆవిడను నడిపించుకుంటూ లోపలి గదిలోకి తీసుకెళ్లాడు. తలుపు మూసినా ఆవిడ అవస్థ వినపడుతూనే ఉంది.

మేమిద్దరం పళ్లేల్లో ఉన్నదంతా తినేశాం. మిగిలిస్తే ఆవిడ చూస్తుందని.